ఆకు చూసి తెగులు పోల్చే మనం, మనిషిని చూసి పోల్చలేమా?

(రావులపాలెంలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఈ వేదిక మీద చాలాసార్లు మాట్లాడాను. గిట్టుబాటు ధర గురించి, కాలువ పూడిక గురించి, డ్రెయిన్ల గురించి, కౌలు కార్డుల గురించి. ఈరోజు డిప్రెషన్ గురించి మాట్లాడతానంటే బయట టీ కొట్టు దగ్గర ఒకాయన, "ఏమండీ, డాక్టరు చదువు ఎప్పుడు చదివారు?" అని నవ్వారు. నేను పదో తరగతి చదివినవాణ్ణి. డాక్టర్ని కాదు. నాకు తెలిసింది అరటి, కొబ్బరి, కొంచెం వరి. అయినా ఈ మాట నేనే చెప్పాలి. ఎందుకో చెబుతాను.

మా తోట గట్టుకి అవతల ఒకతను రెండున్నర ఎకరాలు కౌలుకి చేసేవాడు. పేరు చెప్పను. నన్ను "బావా" అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, గట్టు చుట్టరికమే. కర్పూర అరటి వేశాడు. కౌలు డబ్బు ముందే కట్టాలి, ఎరువు అప్పు మీద తేవాలి, గెల మార్కెట్టుకి వచ్చేసరికి ధర మన చేతిలో ఉండదు. ఇవన్నీ మీకు తెలిసినవే. ఆ ఏడు గాలికి సగం తోట పడిపోయింది. మిగిలిన గెలలకి ధర లేదు.

అప్పటినుంచి అతను మారాడు. మార్కెట్టుకి తను రావడం మానేసి గెలలు వేరేవాళ్ల బండి మీద పంపించేవాడు. తోటలో పిలకలు కొయ్యడం మానేశాడు. గడ్డం పెరిగింది. టీ కొట్టు దగ్గర కనపడేవాడు కాదు. ఒకసారి, "నిద్ర పట్టట్లేదు బావా, తెల్లవారుజామున మూడింటికే మెలకువొచ్చేస్తోంది" అన్నాడు. "ఎవరికి పడుతోందిరా నిద్ర" అని నేను నవ్వేశాను. నీరసంగా ఉందంటే ఊళ్లో వైద్యుడు బలానికి ఇంజెక్షను చేసి, గ్యాసుకి మాత్రలిచ్చాడు. రెండు నెలలు ఇలా నడిచింది.

ఒక సాయంత్రం మా ఇంటికొచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. నా దగ్గర తీసుకున్న రెండు వేలు చేతిలో పెట్టాడు. "ఇప్పుడెందుకురా" అంటే, "ఉండనీ బావా, ఎవరి బాకీ వాళ్లకి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "పిల్లల్ని కాస్త చూస్తూ ఉండండి" అన్నాడు. వాడు వెళ్లాక మా ఆవిడతో, "హమ్మయ్య, మనిషి కోలుకున్నాడు" అన్నాను. మూడో రోజుకి అతను లేడు.

ఇందులో నా తప్పు ఒకటి కాదు, రెండున్నాయి. మొదటిది, రెండు నెలలు కళ్లెదుట కనపడుతున్నది పోల్చుకోలేకపోవడం. రెండోది అతను పోయాక చేసింది.

"ఆ మాట అనకమ్మా"

రైతు ఆత్మహత్య చేసుకుంటే సాయం అందాలంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు. 2004లో వచ్చిన 421 జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ముగ్గురూ కలిసి విచారణ చెయ్యాలి. అప్పుడు సాయం లక్షన్నర, ఇప్పుడు మన రాష్ట్రంలో 7 లక్షలు. ఆ చావు సాగు అప్పుల వల్లే జరిగిందని తేలాలి. కాగితాలు పట్టుకుని తిరిగేది మన సంఘమే. నేనూ తిరిగాను.

విచారణకి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు మనకి కంఠతా వచ్చు. తాగుతాడా? ఇంట్లో గొడవలున్నాయా? ఏదైనా జబ్బుందా? వీటిలో ఒక్కదానికి "ఔను" అంటే, "అయితే ఇది రైతు ఆత్మహత్య కాదు" అంటారని మన భయం. ఆ భయం ఊరికే రాలేదు. అలా తిరిగొచ్చిన ఫైళ్లు మోసినవాళ్లం మనం.

అందుకే ఆరోజు అతని భార్య, "ఆయన రెండు నెలలుగా మనిషి మనిషిలా లేడండి, ఏదో మనేద పట్టింది" అని చెప్పబోతే, నేను పక్కకి పిలిచి, "ఆ మాట అనకమ్మా, కేసు పోతుంది" అన్నాను. ఆమె నోరు మూసుకుంది. ఆ ఫైలు చివరికి కౌలు కార్డు లేదని తిరిగొచ్చింది. డబ్బూ రాలేదు, ఆమె చెప్పదలుచుకున్న నిజమూ ఎవరూ వినలేదు.

మిత్రులారా, ఈ పని నేనొక్కణ్ణే చెయ్యలేదు. చాలామందిమి చేశాం. మంచి ఉద్దేశంతోనే చేశాం. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పోయి రైతులు వరసగా చనిపోయినప్పుడు, "వాళ్లు మానసికంగా బలహీనులు" అన్న మాటని రైతు సంఘాలు ఎదుర్కోవాల్సి వచ్చింది. ఇది వ్యవసాయ సంక్షోభం, వ్యక్తుల బలహీనత కాదని మనం గొంతు చించుకుని చెప్పాం. అది నిజం, ఇవాళా నిజమే. జయతీ ఘోష్ గారి కమిషను, స్వామినాథన్ గారి కమిషను చెప్పిందీ సాగులో సంక్షోభం ఉందనే. కానీ ఆ వాదనలో మనం ఒక మాట పోగొట్టుకున్నాం. సంక్షోభం ఊరందరికీ వస్తుంది. అందులో కొందరికి జబ్బు కూడా వస్తుంది. ఆ జబ్బుకి వైద్యం ఉంది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు.

గోదారి పొంగితే లంకలన్నీ మునుగుతాయి. ఆ నీళ్లు తాగి కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. "వరద వల్ల వచ్చింది కాబట్టి ఇది జబ్బు కాదు" అని ఎవరైనా అంటారా? "జబ్బుకి మందిచ్చాం కాబట్టి ఏటిగట్టు కట్టక్కర్లేదు" అంటే ఒప్పుకుంటామా? గట్టు కోసం ధర్నా చేస్తాం, మనిషికి సెలైన్ పెట్టిస్తాం. ఇదీ అంతే.

జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో సాగు మీద బతికేవాళ్లు 11,290 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకి దాదాపు 31 మంది. అందులో 5,207 మంది రైతులు, 6,083 మంది వ్యవసాయ కూలీలు. మన రాష్ట్రంలో 917 మంది. ఏ ఒక్కరి చావుకీ కారణం ఒక్కటే ఉండదు. అప్పు ఉంటుంది, పంట నష్టం ఉంటుంది, అవమానం ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది, తాగుడు ఉంటుంది. చాలామందిలో వీటన్నిటి మీదా ఈ జబ్బు కూర్చుని ఉంటుంది. అప్పు ఒక్కరోజులో తీర్చలేం. ధర ఒక్కరోజులో తేలేం. జబ్బుని మాత్రం పోల్చుకుంటే ఆ మనిషిని ఈ వారం కాపాడగలం. అప్పు మీద పోరాడటానికి ముందు మనిషి ఉండాలి కదండీ.

మనేద అంటే ఏమిటి

మన పెద్దవాళ్లు దీన్నే మనేద అన్నారు. పేపర్లలో కుంగుబాటు అంటున్నారు. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో దేశమంతా సర్వే చేసి, ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడుతున్నారని చెప్పారు. వాళ్లలో ఎక్కువమందికి వైద్యం అందట్లేదనీ చెప్పారు. ఈ హాల్లో ఎంతమందిమి ఉన్నామో లెక్కేసుకోండి.

బాధ వేరు, ఈ జబ్బు వేరు. పంట పోతే బాధ పడతాం. నాలుగు రోజులు తిండి సయించదు. మళ్లీ లేస్తాం. పెళ్లికెళ్తే నవ్వుతాం, మనవడొస్తే ఎత్తుకుంటాం. ఈ జబ్బులో అలా లేవలేరు. డాక్టర్లు చూసే గడువు రెండు వారాలు. రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు ఈ గుర్తులుంటే అనుమానించాలి.

ఒకటి, ఎప్పుడూ దిగులు. మగవాళ్లలో ఇది ఒక్కోసారి దిగులుగా కనపడదు. చీటికీ మాటికీ కోపంగా కనపడుతుంది.

రెండు, దేని మీదా ఆసక్తి లేకపోవడం. ఇష్టమైన పని, ఇష్టమైన మనిషి, ఏదీ రుచించదు.

ఈ రెంటిలో ఒకటి తప్పకుండా ఉంటుంది. దీనితో పాటు నిద్ర పట్టకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, లేదా పగలంతా పడుకునే ఉండటం. ఆకలి చచ్చిపోవడం, మనిషి చిక్కిపోవడం. ఒంట్లో సత్తువ లేకపోవడం. పని మీద ధ్యాస నిలవకపోవడం, చిన్న విషయానికి కూడా నిర్ణయం తీసుకోలేకపోవడం. మాట, నడక మందగించడం, లేదా ఒకచోట నిలవలేకపోవడం. "నేను పనికిరాను, నావల్లే ఇల్లు పాడైంది" అనుకోవడం. చావు గురించి ఆలోచనలు రావడం. ఇలాంటివి మొత్తం అయిదు, అంతకు మించి ఉంటే డాక్టరు దాన్ని డిప్రెషన్ అంటారు.

మన ఊళ్లలో ఇది ఇంకో వేషంలో వస్తుంది. "ఒళ్లంతా నొప్పులు", "తల బరువు", "గుండె దడ", "గ్యాసు". నెలల తరబడి ఇంజెక్షన్లు చేయించుకుంటారు, స్కానింగులు తీయించుకుంటారు, ఏమీ లేదంటారు. ఇంకొందరు తాయెత్తులు కట్టించుకుంటారు. ఇంకొందరు తాగుతారు. తాగితే నిద్ర పడుతుందనుకుంటారు గానీ, తాగుడు ఈ జబ్బుని ఇంకా పెంచుతుంది. ఆడవాళ్లయితే వంటింట్లో పని చేస్తూనే ఏడుస్తుంటారు, ఎవరికీ కనపడదు. మన కోనసీమలో గల్ఫ్ వెళ్లిన ఆడవాళ్లు ఎంతోమంది. ఆమె కువైట్‌లో ఒంటరి, ఇక్కడ ఆయన ఒంటరి. ఫోనులో ఇద్దరూ "బాగానే ఉన్నాను" అనుకుంటారు. ఇలాంటి ఇళ్ల మీద ఇంకొంచెం కన్నెయ్యాలి.

మీరు గట్టు మీద నిలబడి ఆకు పసుపు తిరిగిన తీరు చూసి, అది యూరియా లోపమో పనామా తెగులో చెప్పగలరు. పక్క తోటలో తెగులొచ్చినా కేకేసి చెబుతారు. కలుపు తియ్యని తోట, పిలక కొయ్యని తోట, పోటు పెట్టని గెల కనపడితే, "వీడు బద్ధకస్తుడైపోయాడు" అనేముందు ఒక్కసారి ఆ మనిషి మొహం చూడండి. తోట కూడా యజమాని జబ్బు చెబుతుంది.

ప్రమాదం దగ్గరకొచ్చిందని ఎలా తెలుస్తుంది

డిప్రెషన్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆత్మహత్య చేసుకోరు. ఇది గట్టిగా చెప్పాలి. కానీ వైద్యం లేకుండా వదిలేస్తే ఆ ప్రమాదం పెరుగుతుంది. కొన్ని గుర్తులు కనపడితే ఇక రేపు చూద్దాం అనకూడదు.

"నేను లేకపోతే మీరు సుఖంగా ఉంటారు", "ఇంక ఎన్నాళ్లో లేదులే" లాంటి మాటలు. "అలా అనేవాడు చెయ్యడు" అంటారు చూడండి, అది పచ్చి అబద్ధం. చాలామంది ముందు ఎవరితోనో ఒకరితో అంటారు. చిన్న చిన్న బాకీలు హడావుడిగా తీర్చెయ్యడం, కాగితాలు సర్దడం, వస్తువులు పంచెయ్యడం, పిల్లల్ని అప్పగించినట్టు మాట్లాడటం, దూరపు చుట్టాలకి కూడా ఫోన్లు చెయ్యడం. తాగుడు ఒక్కసారిగా పెరగడం. అంతకుముందు ఒకసారి ప్రయత్నం చేసి ఉండటం. అన్నిటికంటే మోసం చేసేది, చాలారోజులు కుంగిపోయిన మనిషి ఉన్నట్టుండి ప్రశాంతంగా కనపడటం. నేను మోసపోయింది అక్కడే. అది ఒక్కోసారి కోలుకోవడం కాదు, లోపల ఏదో తేల్చుకోవడం.

సందర్భాలు కూడా చూసుకోవాలి. వరద తీసిన తర్వాత వారాలు, ధర పడిపోయిన వారం, బ్యాంకు నోటీసు వచ్చిన రోజు, అప్పిచ్చినవాడు నలుగురిలో మాట అన్న రోజు. అప్పు కన్నా ఆ మాటే ఎక్కువ కోస్తుంది. ఆ రోజు సాయంత్రం ఆ ఇంటికి మనలో ఒకరు వెళ్లాలి.

ఎలా అడగాలి

అడగడానికి మనకి భయం. "ఆ మాటెత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో" అంటారు. అవ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతోంది. అడిగితే ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది.

నలుగురిలో అడగొద్దు. గట్టు మీదో, బండి మీద వెళ్తూనో అడగండి. "ఏరా, నెలరోజులుగా చూస్తున్నాను, నువ్వు నువ్వులా లేవు. ఏమైంది?" అనండి. తర్వాత మాట్లాడకుండా వినండి. మధ్యలో మీ కష్టాలు మొదలెట్టొద్దు. ఆ తర్వాత సూటిగా అడగండి. "బతకాలని లేదనిపిస్తోందా? చచ్చిపోదామన్న ఆలోచన వస్తోందా?"

"ఔను" అంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి. "పిరికివాడా", "పెళ్లాం పిల్లలు గుర్తులేరా", "నీకేం తక్కువ", "ధైర్యంగా ఉండు" అనే నాలుగు మాటలూ ఆ సమయంలో పనిచెయ్యవు. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమన్నట్టే అవి. "చెప్పావు, మంచి పని చేశావు. ఇది జబ్బు, తగ్గుతుంది. రేపు మనిద్దరం డాక్టరు దగ్గరికెళ్దాం" అనండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మీ ఇంట్లో పడుకోబెట్టండి, లేదా మీరు అక్కడ పడుకోండి. ఇంట్లోవాళ్లకి చెప్పండి. "ఎవరికీ చెప్పొద్దు" అని అతను అడిగినా, ప్రాణం విషయంలో ఆ మాట ఇవ్వొద్దు.

అర్ధరాత్రయినా 14416 నంబరుకి ఫోను చెయ్యండి. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బాధపడుతున్న మనిషే చెయ్యక్కర్లేదు, మీరు చేసి ఏం చెయ్యాలో అడగొచ్చు. ప్రమాదం కళ్లెదుట ఉంటే 108కి చెయ్యండి.

ఇంకొక మాట, ఇది రైతు ఇళ్లకి ప్రత్యేకం. పురుగుమందులు ఇంట్లో, పశువుల పాకలో పెట్టొద్దు. కావలసినంతే కొనండి, మిగిలింది ఊరవతల పెట్టెలో తాళం వెయ్యండి, తాళం ఇంకొకరి దగ్గర ఉంచండి. ఎవరిమీదైనా అనుమానముంటే ఆ రోజే తీసేయండి. దీనివల్ల ఏమవుతుందంటారా? శ్రీలంకలో 1990ల నడుమ ఆత్మహత్యలు ప్రపంచంలోనే బాగా ఎక్కువగా ఉండేవి. ఆ ప్రభుత్వం అతి ప్రమాదకరమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించింది. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అక్కడి రైతుల కష్టాలన్నీ తీరిపోయి కాదు. ఆ ఘడియ చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, దాటిపోతుంది. దాటేదాకా ఆ మనిషికీ ప్రమాదానికీ మధ్య దూరం పెట్టగలిగితే చాలు. గాలి వాన వచ్చినప్పుడు గెల వేసిన చెట్టుకి వెదురు పోటు పెడతాం. గాలి ఆగేదాకానే ఆ పోటు. మనుషులకీ అంతే.

నా సంగతి

ఇది చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. చెబుతాను.

2022 జులైలో వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా లంక తోట రోజుల తరబడి నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక చూస్తే దుంప కుళ్లిపోయింది. 1996 తుపానుకి కొబ్బరి చెట్లు పడిపోయినప్పుడు కూడా నేను అంత కుంగలేదు, అప్పుడు కుర్రాణ్ణి. ఈసారి రెండు నెలలకి నాకు తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం మొదలైంది. సంఘం ఫోను మోగితే ఎత్తేవాణ్ణి కాదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. మా ఆవిడే అంది, "ఏమండీ, మీరు పక్క తోట తమ్ముడిలా అయిపోతున్నారు" అని. ఆ ఒక్క మాట నన్ను లేపింది.

కాకినాడ వెళ్లాను. బస్సు దిగి మానసిక వైద్యుల బోర్డు కింద నిలబడితే, ఎవరైనా ఎరిగినవాళ్లు చూస్తారేమోనని కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ధర్నాల్లో పోలీసుల ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డవాణ్ణి! డాక్టరమ్మ గారు ముందు షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. ఎందుకంటే అవి కూడా ఇలాంటి నీరసం తెస్తాయట. తర్వాత మాత్రలు రాశారు. "ఇవి తలనొప్పి మాత్రలు కావు, పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో మానెయ్యొద్దు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. అలవాటు పడిపోతాయన్న భయం వద్దు" అన్నారు. మొదటి పది రోజులూ ఏమీ తేడా లేదు, మానేద్దామనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. మూడో వారంలో ఒకరోజు అయిదు దాకా నిద్ర పట్టింది. ఆరోజు లేచి తోటకెళ్లాను. కొత్త పిలకలు వేయించాను.

మాత్రలు నా అప్పు తీర్చలేదు. అప్పు అలాగే ఉంది. కానీ అప్పిచ్చినాయన ఎదురుగా కూర్చుని, "వడ్డీ ఇంత, అసలు ఇంత, ఇన్ని వాయిదాల్లో ఇస్తాను" అని మాట్లాడగలిగాను. అంతకుముందు ఆయన వీధిలో కనపడితే సందులోకి తప్పుకునేవాణ్ణి. మందు చేసిన పని అదే.

ప్రయత్నం చేసి బతికిన మనిషి ఇంట్లో ఉంటే పోలీసు కేసని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేస్తారు. ఆ భయం వదలండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, ప్రభుత్వం వైద్యం, ఆదరణ అందించాలి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షను లేనే లేదు.

సంఘం ఏం చెయ్యాలి

ఇక్కడొక సోదరుడు లేచి, "అప్పు తీర్చకుండా మాత్రలిస్తే ఏం లాభం?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ప్రభుత్వాలు రేపు ఈ మాటనే పట్టుకుని, "రైతులకి కావలసింది ధర కాదు, కౌన్సెలింగు" అనొచ్చు. అంటే మనం ఊరుకోం. 2011 ఖరీఫ్‌లో ఇదే కోనసీమ రైతులు వరి వెయ్యకుండా పంట విరామం ప్రకటిస్తే దేశమంతా ఇటు తిరిగి చూసింది, మోహన్ కందా గారి కమిటీ వచ్చింది. చచ్చిపోయి కాదండీ, బతికి నిలబడి నలుగురూ కలిసి చేస్తే వచ్చింది. పోరాటానికి మనిషి కావాలి.

కౌలు రైతు సంగతి మరీ చెప్పాలి. 2019 చట్టం ప్రకారం పదకొండు నెలల కార్డు కావాలంటే భూ యజమాని సంతకం కావాలి. సంతకం అడిగితే వచ్చే ఏడు కౌలు ఉంటుందో లేదో. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు, చివరికి చనిపోతే సాయమూ లేదు. ఈ పోరాటం ఒక్క అడుగు తగ్గదు.

దానితో పాటు నేను అయిదు పనులు ప్రతిపాదిస్తున్నాను.

మొదటిది, ప్రతి ఊళ్లో మన సంఘం ఇద్దర్ని, ఒక మగమనిషిని, ఒక ఆడమనిషిని నియమించాలి. కనపడకుండా పోయిన రైతు తలుపు తట్టడం వాళ్ల పని. ఆశా అక్కలు, ఏఎన్ఎమ్‌లతో కలిసి పనిచెయ్యాలి.

రెండోది, డాక్టరు దగ్గరికి ఒంటరిగా పంపొద్దు. తోడు వెళ్లాలి, బస్సు ఖర్చు సంఘం పెట్టుకోవాలి. ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. అక్కడ మానసిక వైద్యులు లేకపోతే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

మూడోది, అప్పుల కాగితం. ఆ మనిషితో కూర్చుని ఎవరికెంత, వడ్డీ ఎంత, ఏది ముందు అని ఒక తెల్లకాగితం మీద రాయండి. తలలో తిరిగే అప్పు కన్నా కాగితం మీద రాసిన అప్పు చిన్నది. తర్వాత సంఘం పెద్దలు వెళ్లి అప్పిచ్చినవాళ్లతో మాట్లాడాలి. నలుగురిలో అవమానించొద్దని గట్టిగా చెప్పాలి.

నాలుగోది, ధర్నాల్లో "చచ్చిపోతాం" అని బెదిరించడం మానేద్దాం. చనిపోయినవాళ్లని గౌరవిద్దాం, కానీ ఆ చావుని గొప్పగా చూపించే మాటలు, ఎలా చనిపోయారో వివరాలు ఫ్లెక్సీల మీదా ఫోన్లలోనూ పెట్టొద్దు. అదే కష్టంలో ఉన్న ఇంకొకడు చూస్తాడు.

అయిదోది, విచారణలో నిజం చెబుదాం. "ఔనండీ, అతనికి డిప్రెషన్ ఉంది. అప్పు పెట్టిన ఒత్తిడి అందులో ఉంది. వైద్యం అందుబాటులో లేక ముదిరింది. ఇది రైతు ఆత్మహత్యే" అని చెబుదాం. జబ్బుందని సాయం ఆపితే, ఆ నిబంధన మీద పోరాడదాం. అంతేగానీ ఇంకొక ఆడకూతురి నోరు మనమే మూయించొద్దు.

చివరగా ఒక్క మాట. ఈ హాల్లో ఇప్పుడు కూర్చున్నవాళ్లలో కూడా రాత్రి మూడింటికి లేచి కప్పు వంక చూస్తూ పడుకునేవాళ్లు ఉండొచ్చు. వాళ్లకే చెబుతున్నాను. నీ తప్పు కాదు తమ్ముడూ, నీ తప్పు కాదు చెల్లీ. అది జబ్బు, దానికి మందుంది. నేను వాడాను, ఇదిగో నీ ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాను. మీటింగు అయ్యాక నా దగ్గరికి రా. అందరూ వెళ్లేదాకా గుమ్మం దగ్గరే ఉంటాను. ఇద్దరం టీ తాగుదాం, నువ్వు చెప్పు, నేను వింటాను.

నా పక్క తోట తమ్ముడికి ఆ సాయంత్రం నేను ఈ మాట అనలేకపోయాను. మీరు మీ పక్క తోట మనిషికి ఈ వారంలోనే అనండి.